వార్తల్లో పదం: సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్

తుఫానో, వరదో, విరిగిపడ్డ కొండచరియలో ఊరిని ఊడ్చేశాక సహాయ శిబిరాల్లో వినిపించే మాట ఇది. ఆపద నుంచి బయటపడ్డవారికి తొలి గంటల్లో, తొలి రోజుల్లో అందించే మానసిక ఆసరా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీనికి మార్గదర్శిని వెలువరించింది. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో చూడటం, చెప్పింది వినడం, కావలసిన సాయం దొరికే చోటికి చేర్చడం ఇందులో ముఖ్యం. తప్పిపోయిన బిడ్డ ఆచూకీ కోసం తోడు నిలవడమూ ఇందులో భాగమే. దీనికి డాక్టరే కానక్కర్లేదు, శిక్షణ పొందిన ఆశా కార్యకర్త, టీచరు, వాలంటీరు ఎవరైనా చేయగలరు. కానీ జరిగిందంతా చెప్పమని గుచ్చి గుచ్చి అడగకూడదు. మైకులతో శిబిరాలకు వెళ్లే విలేకరులూ ఇది గుర్తుంచుకోవాలి.

అక్కడితో పని అయిపోదు. చాలామంది మెల్లగా కోలుకుంటారు. కొందరికి మాత్రం నెలల తరబడి వైద్యం కావాలి. ముందునుంచీ మానసిక జబ్బులకు మందులు వాడుతున్నవారికి అవి ఆగిపోతే మరీ ప్రమాదం. 2004 సునామీకి ముందు ఇండోనేషియాలోని అచే రాష్ట్రానికంతటికీ ఉన్నది ఒక్కటే మానసిక వైద్యశాల, అదీ రాజధాని బందా అచేలో. సునామీ తర్వాత అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సులకు శిక్షణనిచ్చి సేవలను ఊళ్లలోకి తీసుకెళ్లారు. మన ప్రభుత్వాలు నేర్చుకోవలసింది ఇదే.

మన దేశంలో 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ మొదలైంది. ఉచిత నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులోనూ మాట్లాడవచ్చు.