తలనొప్పే కదా అని నవ్వకండి

మేం దుబాయ్‌లో కంపెనీ ఆఫీసుల్లో పనిచేసే గుమాస్తాలం. సిక్ లీవు కాగితాలు మా బల్లల మీదుగానే పైకి వెళ్తాయి. జ్వరం అని ఉంటే ఎవరూ మాట్లాడరు. తలనొప్పి అని ఉంటే మాత్రం "డ్యూటీ ఎగ్గొట్టడానికి సాకు" అని నవ్వుతారు. మాలోనూ నెలకోసారి చీకటి గదిలో తల పట్టుకుని వాంతులు చేసుకునేవాళ్లం ఉన్నాం. అందుకే ఈ వారం ఈ జబ్బు గురించి నాలుగు మాటలు.

ఏమిటీ మైగ్రేన్?

మన ఊళ్లలో పార్శ్వపు నొప్పి అనేదే మైగ్రేన్. ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బు. చాలామందికి తలలో ఒక పక్కనే పోటు పెడుతుంది, కొందరికి రెండు పక్కలా వస్తుంది. వికారంగా ఉంటుంది. వెలుతురు, చప్పుడు భరించలేం. కొందరికి ముందుగా కళ్ల ఎదుట మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయి. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా వదలదు. ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా ఈ బాధ ఉంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

నీళ్లు చాలకపోవడం, భోజనం వేళ తప్పడం, షిఫ్టులు మారి నిద్ర చెడడం, కళ్లు చెదిరే ఎండ చాలామందికి దీన్ని రేపుతాయి. మన బతుకుల్లో ఈ నాలుగూ ఉన్నవే.

మాత్రలతో జాగ్రత్త

నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అంతకు మించి నెలల తరబడి మింగితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వస్తుంది. ఊరి నుంచి మందులు తెప్పించుకునేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. కోడీన్, ట్రమడాల్ కలిసిన మందులు ఇక్కడికి తేవాలంటే ముందుగా అనుమతి ఉండాలి. లేకుంటే కేసులో ఇరుక్కుంటారు.

ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఆలస్యం చేయకుండా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి.

పరిశోధన ఏం ఇచ్చింది?

మైగ్రేన్ వచ్చినప్పుడు తల నుంచి వచ్చే రక్తంలో సి.జి.ఆర్.పి. అనే పదార్థం పెరుగుతుందని 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ బృందం చూపింది. ఆ దారిని అడ్డుకునే మొదటి ఇంజెక్షన్ ఎరెనుమాబ్‌కు 2018లో అమెరికా అనుమతి దొరికింది. మధ్యలో 28 ఏళ్లు పట్టింది. వేలమంది రోగులు ముందుకొచ్చి పరీక్షల్లో పాల్గొంటేనే అది సాధ్యమైంది. అయినా ఇది అందరికీ పనిచేయదు, ధర కూలివాడికి అందేది కాదు. కాబట్టి పరిశోధన ఇంకా సాగాలి.

మనం చేయగలిగింది

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. నొప్పి వచ్చిన తేదీ, ఉన్న గంటలు, ముందురోజు నిద్ర, తిండి, వేసుకున్న మాత్ర రాయండి. డాక్టరుకు అది బాగా పనికొస్తుంది, పరిశోధకులు అడిగేదీ ఇలాంటి లెక్కే.

సెలవు మీద ఊరెళ్లినప్పుడు ఏదైనా ఆస్పత్రివాళ్లు మందు పరీక్షలో చేరమంటే, అది సి.టి.ఆర్.ఐ.లో నమోదైందో లేదో చూడండి. మన దేశంలో 2009 నుంచి ఆ నమోదు తప్పనిసరి. అంగీకార పత్రం తెలుగులో అడిగి చదివించుకోండి. ఎప్పుడైనా మానుకునే హక్కు మీకుంది. పరీక్ష మందుకు డబ్బు కట్టమంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

చివరిగా ఒక మాట. క్లినిక్కుకు వెళ్లినప్పుడు చీటీ మీద ఉత్త తలనొప్పి అని కాకుండా జబ్బు పేరు రాయమని డాక్టరును అడగండి. పేరున్న జబ్బును సాకు అని తోసేయడం అంత తేలిక కాదు. గదిలో తోటివాడు తల పట్టుకుని పడుకుంటే లైటు ఆపి, టీవీ తగ్గించి, ఓ గ్లాసు నీళ్లివ్వండి.