హోపీల బొమ్మలు – వానిని చెక్కువారు



అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆరిజోనా రాష్ట్రమున, ఈశాన్య దిక్కున, మెట్టనేలల నడుమ మూడు బల్లపరుపు కొండలు గలవు. వానిపైనను, వాని పాదములయందును హోపీలను ఆదిమజాతివారు గ్రామములు కట్టుకొని నివసించుచున్నారు. వారి ఓరైబీ గ్రామము ఎనిమిది వందల ఏండ్లకు పైగా జనావాసమై యున్నది. అచ్చట వాన మిక్కిలి స్వల్పము. అయినను వారు మొక్కజొన్న పండించుకొని బ్రదుకుచున్నారు. బొమ్మల సంగతి చెప్పవలసిన నేను వానమాట ముందుగా నెత్తుటకు కారణము గలదు. ఆ బొమ్మకు మూలము నీటిపై గల ఆశయే.

కచీనాలను దివ్యశక్తులు వానలను, పంటలను, ఆయురారోగ్యములను ప్రసాదించునని హోపీల విశ్వాసము. శీతకాలమున పగటిపొద్దు మిక్కిలి కురుచయైన దినములు మొదలు జూలై నెల వరకు అవి గ్రామములలో నుండి, పిమ్మట ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణమునకు చేరువనున్న శాన్ ఫ్రాన్సిస్కో శిఖరములకు మరలిపోవునట. ఆ యుత్సవములలో కచీనాలు బాలికలకు కొయ్యబొమ్మల నిచ్చును. ఆ బొమ్మకు హోపీ భాషలో తిహు అని పేరు. పసిబిడ్డకు పలకవలె చదునైన బొమ్మ; బిడ్డ పెరిగిన కొలది కాలు చేతులు తీర్చిన బొమ్మ. అది పూజావిగ్రహము కాదు, వట్టి ఆటవస్తువును కాదు. దానిని ఇంటిగోడకు వ్రేలాడగట్టుదురు. దానిని చూచుచు బాలిక కచీనాల రూపములను, వాని గుణములను నేర్చుకొనును.

బొమ్మలు చెక్కుట పురుషుల పనిగా వచ్చినది. అందుకు వారు వాడునది కాటన్‌వుడ్ అను చెట్టు వేరు. అది తేలికయైనది, మెత్తనిది, కత్తికి సులువుగా లొంగునది. అంతకు మించిన అర్థమొకటి గలదు: ఆ చెట్టు నీరున్నచోటనే పెరుగును, దాని వేరు నీటిని వెదకుకొనుచు పోవును. వానను కోరు బొమ్మకు ఇంతకంటె తగిన కొయ్య యేది?

ఎండిన వేరును రంపముతో కోసి, కత్తితో రూపు తీర్చి, ఇసుకరాతితో నునుపు చేయుదురు. కొమ్ములు, చెవులు, ముక్కు వేరుగా చెక్కి అతికింతురు. తెల్లమట్టి పూత పూసి, దానిపై రంగులు వేయుదురు. పూర్వము ఎరుపు, పసుపు ఇనుపమట్టి నుండియు, నలుపు మసి నుండియు, నీలపు పచ్చన రాగిఖనిజము నుండియు లభించెడివి. పసుపు వాయవ్యమునకు, నీలము నైరుతికి, ఎరుపు ఆగ్నేయమునకు, తెలుపు ఈశాన్యమునకు గుర్తులు. కనుక చెక్కువానికి చేతినేర్పు మాత్రమే చాలదు. చెక్కిలిపై నొక్క గుర్తు మారిన, బొమ్మ వేరొక కచీనాదగును.

1880 తరువాత ఆ ప్రాంతమునకు రైలుమార్గము వచ్చెను. దానితో యాత్రికులును, ప్రదర్శనశాలల వారును వచ్చి బొమ్మలను కొనసాగిరి. గోడకు వ్రేలాడవలసిన బొమ్మ క్రమముగా బల్లపై నిలుచుటకు పీఠము సంపాదించుకొనెను, అంగవిన్యాసము పెరిగెను. 1918లో వలసపక్షుల రక్షణచట్టము వచ్చినది. అది మొదలుగా అట్టి చట్టములవలన పెక్కు పక్షుల ఈకలతో బొమ్మలు విక్రయించుట నిషిద్ధమయ్యెను. అంతట చెక్కువారు ఈకలను సైతము కొయ్యతోనే, ఈనె ఈనె కనబడునట్లు, మలచ నేర్చిరి. కొరత యొకటి వారి నేర్పునకు పదును పెట్టినది.

కాని పవిత్రమైన దానిని అమ్మవచ్చునా? ఈ ప్రశ్నకు హోపీలందరిది ఒకే సమాధానము కాదు. కుటుంబపోషణకు అమ్మువారున్నారు, అది తగదనువారును ఉన్నారు. ఓరైబీ గ్రామాధిపతియైన టవాక్వాప్టెవా నడిమిదారి నొకటి త్రొక్కెను. ఆయన అమ్మకమునకు చెక్కిన బొమ్మలలో పలు కచీనాల గుర్తులను కలగలిపి, ఏ కచీనాకును సరిపోలకుండ చేసెడివాడు. కొన్నవానికి బొమ్మ దక్కినది. కచీనా మాత్రము గ్రామముననే నిలిచినది.

అన్యులు చేసిన వస్తువును ఆదిమజాతివారి చేతిపని యని అమ్ముటను 1990 నాటి చట్టము నేరముగా నెంచినది. చట్టము దొంగసరకును అడ్డగింపగలదు. బొమ్మకు అర్థమును మాత్రము ఈయజాలదు. ఆ యర్థము వేరును కోసిన చేతియందును, బొమ్మను అందుకొన్న బాలిక మనస్సునందును, వానకై ఎదురుచూచు పొలమునందును గలదని నా తలంపు.