కొండ నెత్తిన వాన, కొండ పక్కన ఊట

అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాల్లో నెత్తిన బాక్సైట్ ఉన్న కొండల మీద ఊటలు శిఖరాన పుట్టవు, మరీ అడుగునా పుట్టవు. తరచు కొండ పైవాలులో, ఇంచుమించు ఒకే మట్టంలో బయటపడతాయి. ఆ నీరే గెడ్డగా, అంటే వాగుగా మారి పల్లం మడులను తడుపుతుంది, లోయల్లో చిత్తడి నేలలను ఎండకుండా కాపాడుతుంది. మత్స్యగెడ్డ నీరు మాచ్‌ఖండ్, సీలేరు, శబరి మీదుగా గోదావరిని చేరుతుంది. గోస్తని తాటిపూడి జలాశయాన్ని దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ మిషన్ ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు లక్ష్యంగా పెట్టుకుంది. కొండ గూడేల్లో దీనికి తేలిక దారి ఊట దగ్గర తొట్టి కట్టి, పైపు వేసి, నీటిని వాలు వెంట దించడం. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. అయితే ఈ ఖర్చంతా ఊట ఉన్నంతకాలమే పనికొస్తుంది. అసలు ఆ ఊటలోకి నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ ప్రశ్న దగ్గర మహామహులే తడబడ్డారు. భూగర్భంలోని చల్లదనానికి గాలి నీరుగా మారుతుందని అరిస్టాటిల్ భావించాడు. సముద్రపు నీరే సొరంగాల గుండా పర్వతాల్లోకి ఎక్కుతుందని 1665లో అథనేసియస్ కిర్చర్ బొమ్మలు గీసి మరీ వివరించాడు. వాన ఒక్కటే చాలదని చాలామంది నమ్మారు. 1674లో పియర్ పెరో లెక్క వేసి చూస్తే, సెయిన్ నది ఎగువ ప్రాంతంలో కురిసే వాన ఆ నది మోసుకుపోయే నీటికి ఆరు రెట్లు తేలింది. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళ అధ్యాయంలో, ఆకాశం నుంచి ఒకే రుచితో పడిన నీరు నేలను బట్టి రకరకాలుగా మారుతుందని చెప్పాడు.

అరకు కొండల్లో నేల చేసే పని మరింత విచిత్రమైనది. ఇక్కడి ప్రధాన శిల ఖోండలైట్. ఈ కొండల్లోని ఖోండు గిరిజనుల పేరునే టి. ఎల్. వాకర్ 1902లో దానికి పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్‌స్పార్ కలిసిన ఈ రాయిని లక్షల ఏళ్లుగా వేడి వానలు కరిగిస్తూ వచ్చాయి. పైభాగంలో సిలికా కొట్టుకుపోయి, అల్యూమినియం హైడ్రాక్సైడ్ మిగిలి, రంధ్రాలమయమైన బాక్సైట్, లాటరైట్ కప్పు ఏర్పడింది. దాని కింద శిథిలమవడం సగంలో ఆగింది. అక్కడ ఫెల్‌స్పార్ కెయోలిన్ అనే తెల్ల బంకమట్టిగా మారింది. ఇంకా అడుగున చెక్కుచెదరని రాయి ఉంది.

నానిన ఇటుకను బంకమట్టి పలక మీద పెట్టినట్టుంది ఈ కట్టడం. వాన పైకప్పులోకి ఇంకుతుంది, బంకపొర దాన్ని కిందికి పోనివ్వదు. నీరు పక్కకు జరుగుతూ, రెండు పొరల సరిహద్దు కొండవాలులో ఎక్కడ బయటపడితే అక్కడ ఊటగా వస్తుంది. ఊటలు ఒకే మట్టంలో కనిపించడానికి కారణం ఇదే. రంధ్రాలు సన్నవి కాబట్టి నీరు నెమ్మదిగా కదులుతుంది. జూలైలో పడిన వాన ఏప్రిల్లో బిందెలోకి రావడం ఈ నెమ్మదితనం పుణ్యమే.

ఒక చిన్న లెక్క చూడవచ్చు. హెక్టారు కొండనెత్తిన వర్షాకాలంలో 300 మిల్లీమీటర్ల నీరు ఇంకితే 30 లక్షల లీటర్లు. నిమిషానికి 10 లీటర్లిచ్చే ఊట రోజుకు 14,400 లీటర్లిస్తుంది, అంటే తలకు 55 లీటర్ల చొప్పున 261 మందికి సరిపోతుంది. వేరే నష్టం లేదనుకుంటే ఆ నిల్వ 208 రోజులు నడుస్తుంది. నవంబరు 1న మొదలైతే మే నెలాఖరు దాకా వచ్చినట్టే.

అంటే ఊట ఆయువును తేల్చేది తొట్టి కట్టిన చోటు కాదు, పైనున్న కొండనెత్తి. ఊటకు దిగువన కట్టిన చెక్‌డ్యామ్ కింది పొలానికి మేలు చేస్తుందేమో గాని ఊటకు చుక్క నీరు చేర్చదు. రాతిపొరలు వాలిన దిక్కును బట్టి ఊటను నింపే చోటు కొండకు అవతలి వైపున ఉన్నా ఉండవచ్చు. బాక్సైట్ తవ్వేస్తే వాన ఇంకా బాగా ఇంకుతుందన్న వాదన కూడా ఇక్కడే తప్పుతుంది. ఇంకడం ఒకటే చాలదు, ఇంకిన నీరు నిలవడానికి చోటు కావాలి. ఆ చోటే బాక్సైట్. సహజంగా గడ్డి మాత్రమే పెరిగే కొండనెత్తిన నీటిని ఎక్కువగా పీల్చే చెట్లు నాటడం కూడా ఊటకు ఉపకారం కాకపోవచ్చు.

సిక్కిం ఈ సూత్రాన్ని పట్టుకుంది. 2008లో మొదలైన ధారా వికాస్ కార్యక్రమంలో ముందు రాతిపొరలను పరిశీలించి, ఊటను నింపే చోటును గుర్తించి, ఉపాధి హామీ నిధులతో అక్కడే కందకాలు తవ్వించారు. తూర్పు కనుమల్లోనూ అదే నిధులతో, అదే పలుగూ పారలతో ఈ పని చేయవచ్చు.

చిత్తడి నేలల పేరిట నిధులు అడిగే దారి మాత్రం ఇక్కడ లేదు. 2002లో రామ్‌సర్ అంతర్జాతీయ జాబితాకెక్కిన కొల్లేరు వంటి సరస్సులకు చిత్తడి నేలల హోదా ఉంది. 2017 నాటి కేంద్ర నియమాలు వరిమళ్లనూ, తాగునీటి కోసం కట్టిన చెరువులనూ ఆ నిర్వచనం నుంచి తప్పించాయి. కాబట్టి ఊట మీద బతికే కొండ మడులకు ఆ హోదా దక్కదు. వాటికి మిగిలినవి తాగునీటి పద్దు, ఉపాధి పద్దు. ఆ రెంటినీ కలిపి, ఏడాది పొడవునా బకెట్టు, గడియారంతో ఊట ధారను కొలిచి, కొండ పైన తవ్వే కందకాల ఖర్చును పైపుల అంచనాలోనే చేర్చడం పెద్ద ఇంజినీరింగేమీ కాదు.