చార్మినార్ సిగరెట్: యాడ్స్ బంద్ అయినా పేరెందుకు పోలేదు? మరి మన బీడీ సంగతేంటి?

సినిమాలో హీరో సిగరెట్ వెలిగించగానే స్క్రీన్ కింద హెచ్చరిక పడుతుంది. ప్యాకెట్ కనిపిస్తే బ్లర్ చేస్తారు. అయినా కొన్ని బ్రాండ్ల పేర్లు జనం నోట్లోంచి పోవు. అందులో ఒకటి హైదరాబాద్‌లో పుట్టిన 'చార్మినార్'.

ఎవరిదీ బ్రాండ్?

1930లో ఏర్పాటైన వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీదే ఈ సిగరెట్. ఇప్పుడా కంపెనీ పేరు వీఎస్‌టీ ఇండస్ట్రీస్. ఫిల్టర్ లేని సిగరెట్, ప్యాకెట్ మీద చార్మినార్ బొమ్మ. పేరు చదవడం రాకున్నా బొమ్మ చూస్తే చాలు, గుర్తుపట్టేయొచ్చు. హైదరాబాద్‌లో కంపెనీ ఉన్న ఏరియానే వీఎస్‌టీ అని పిలుస్తారు. అక్కడికి వేసిన స్టీల్ బ్రిడ్జికి పేరు పెట్టింది కూడా ఒకప్పటి వీఎస్‌టీ కార్మిక నేత, మాజీ హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డిదే.

బెంగాల్ దాకా ఎలా వెళ్లింది?

సత్యజిత్ రే సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా తాగేది చార్మినారే. అలా కోల్‌కతా పాఠకులకూ మన హైదరాబాద్ బ్రాండ్ దగ్గరైంది. ఒక పాత్రతో ముడిపడిన పేరు యాడ్ ఆగిపోయినా గుర్తుండిపోతుంది. రూల్స్ వచ్చింది అందుకే.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

2003 చట్టంతో పొగాకు ప్రకటనలపై నిషేధం పడింది. 2012 నుంచి సినిమాల్లో హెచ్చరికలు తప్పనిసరి, బ్రాండ్ పేరు చూపించొద్దు. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఓటీటీలకూ ఇవే రూల్స్. ప్యాకెట్‌పై 85 శాతం హెచ్చరికే ఉండాలని 2016లో అమల్లోకి వచ్చిన రూల్ బీడీ కట్టలకూ వర్తిస్తుంది.

మరి బీడీ?

సిగరెట్ పేరు కథల్లోకెక్కింది. బీడీ వెనకున్న చేతుల గురించి మాట్లాడేది తక్కువ. ఎండాకాలంలో ఆదిలాబాద్ అడవుల్లో ఆదివాసీలు తునికాకు తెంపి, కట్టలు కట్టి కల్లాల్లో ఆరబెడతారు. కరీంనగర్ వైపు సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లిలో మహిళలు ఒడిలో చాట పెట్టుకొని ఆ ఆకును కత్తిరించి, తంబాకు నింపి చుడతారు. కూలీ వెయ్యి బీడీల లెక్కన. పొద్దంతా ఆ తంబాకు దుమ్మునే పీలుస్తారు. పని తగ్గితే ఇల్లు గడవదు, చేస్తే ఆరోగ్యం దెబ్బతింటుంది. అందుకే పుర్రె గుర్తు వద్దంటూ ఆందోళనకు దిగింది కూడా ఈ కార్మికులే. రాష్ట్ర ప్రభుత్వం అర్హులైన బీడీ కార్మికులకు నెలకు రూ.2,016 పింఛన్ ఇస్తోంది.

బీడీ సేఫా?

ఆకుతో చుట్టింది కాబట్టి సిగరెట్ కంటే నయం అనుకుంటే పొరపాటే. నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ బీడీ పొగలోనూ ఉంటాయి. మానేయాలనుకునేవాళ్లు జాతీయ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2356కి కాల్ చేయొచ్చు.