నాగా అంటే బద్ధకమేనా? యాంటీవర్క్ గురించి బాయి భాషలో

పోయిన దసరా సెలవుల్లో జ్యోతినగర్ వెళ్లినప్పుడు మా తాతకి యాంటీవర్క్ అంటే ఏంటో చెప్పడానికి ట్రై చేశాను. ఆయన గోదావరిఖనిలో ముప్పై ఏళ్లకు పైగా బాయి దిగి రిటైర్ అయిన మనిషి. "పని చెయ్యొద్దు అనే ఉద్యమం తాతా, బయటి దేశాల్లో బాగా నడుస్తోంది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "గిదేంది కొత్తగ? మేం గప్పుడే నాగాలు చేసినం గద" అన్నాడు.

నేను నవ్వేశాను. తర్వాత హాస్టల్‌కి వచ్చి దీని గురించి చదువుతుంటే, తాత చెప్పింది జోక్ కాదని అర్థమైంది. అందుకే ఈ వ్యాసం.

కోల్‌బెల్ట్ బయటి ఫ్రెండ్స్ కోసం ముందు రెండు మాటలు. సింగరేణిలో డ్యూటీకి వెళ్తే మస్టర్ పడుతుంది. చెప్పకుండా ఎగ్గొడితే అది నాగా. అండర్‌గ్రౌండ్ గనిని మా దగ్గర బాయి అంటారు. ఉద్యోగానికి వెళ్లడం అనరు, బాయికి పోవుడు అంటారు.

అసలు యాంటీవర్క్ అంటే ఏంటి?

పేరు చూస్తే "పనికి వ్యతిరేకం" అనిపిస్తుంది. కానీ ఇది ఒకటే ఆలోచన కాదు. కనీసం మూడు వేర్వేరు ప్రశ్నలు ఈ పేరు కింద కలిసిపోయాయి.

మొదటిది గంటల ప్రశ్న: మనిషి రోజుకి ఎంతసేపు పని చేయాలి? కార్ల్ మార్క్స్ అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే "బద్ధకానికి హక్కు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక రచన చేశాడు. రోజుకి మూడు గంటల పని చాలు అన్నాడు. 1932లో బెర్ట్రాండ్ రస్సెల్ నాలుగు గంటలు చాలన్నాడు.

రెండోది అర్థం ప్రశ్న: నేను చేసే పని వల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా? డేవిడ్ గ్రేబర్ అనే ఆంత్రపాలజిస్ట్ 2018లో దీనిపై ఒక పుస్తకమే రాశాడు. చేసేవాడికే ఇది అనవసరమని తెలిసి, అవసరమైనట్టు నటించాల్సి వచ్చే ఉద్యోగాల గురించి అది.

మూడోది అన్నిటికంటే ఘాటైనది: బతకాలంటే ఇంకొకరి కింద పని చేయాల్సిందే అనే ఏర్పాటు అసలు ఎందుకు ఉండాలి? బాబ్ బ్లాక్ 1985లో రాసిన వ్యాసం ఈ రకం. అందరూ పడుకోవాలని ఆయన అనలేదు. బలవంతం లేకుండా, ఆటలాగా చేసే పనులతో లోకం నడవాలన్నాడు.

కరోనా తర్వాత ఈ ఆలోచనలు పుస్తకాల్లోంచి బయటికి వచ్చాయి. 2021లో అమెరికాలో 4 కోట్ల 70 లక్షలకు పైగా రాజీనామాలు నమోదయ్యాయి. అదే ఏడాది చైనా కుర్రాళ్లలో "తాంగ్ పింగ్" అనే మాట పాకింది. వెల్లకిలా పడుకోవడం అని అర్థం. ప్రమోషన్ రేసులోకి రాను, బతకడానికి కావాల్సినంతే చేస్తాను అని. 2022లో "క్వైట్ క్విట్టింగ్" వచ్చింది: ఉద్యోగం మానకుండానే, జీతానికి సరిపడా పని మాత్రమే చేయడం.

అయితే ఒక విషయం గమనించాలి. అమెరికాలో రాజీనామా చేసినవాళ్లలో చాలామంది ఇంట్లో కూర్చోలేదు. ఇంకో చోట మెరుగైన జీతానికో టైమింగ్స్‌కో మారారు. అంటే వాళ్లు కాదన్నది పనిని కాదు, ఆ షరతుల్ని.

నాగా వేరు, సమ్మె వేరు

"నాగా ఎందుకు చేసేటోడివి తాతా?" అని అడిగితే ఆయన పెద్ద లిస్టే చెప్పాడు. నాట్లప్పుడు ఊరికి పోవాలి. సుట్టాల పెండ్లి. కిందట్రోజు పక్క జిల్లాలో పైకప్పు కూలిందని తెలిస్తే దిగబుద్ధి కాదు. (బాయిలో జిల్లా అంటే కరీంనగర్ జిల్లా కాదు, బొగ్గు తీసే ఒక ఏరియా.) ఇంకో కారణం ఆయన చెప్పలేదు, నానమ్మ చెప్పింది. "జీతం పడ్డ తెల్లారి చూడాలె, సగం మంది కల్లు కాడనే."

నానమ్మే ఇంకో మాట కూడా అంది. "ఆయనకు నాగా ఉండె. నాకేడిది నాగా?" ఫస్ట్ షిఫ్ట్ అయితే ఆమె తెల్లవారుజామున లేచి టిఫిన్ కట్టాలి. నైట్ షిఫ్ట్ అయితే పగలు పిల్లలు గోల చేయకుండా చూడాలి, ఆయన పడుకోవాలి కదా. ఆ పనికి మస్టర్ లేదు, జీతం లేదు, ప్లేడే కూడా లేదు. యాంటీవర్క్ గురించి నేను చదివిన చాలా వ్యాసాల్లో ఆఫీసు పని గురించే ఉంది. ఆమె పని గురించి చాలా తక్కువ ఉంది.

నాగాకి ఖర్చు ఉంది. ఆ రోజు జీతం పోతుంది. తాత కాలంలో ఉన్న గనుల చట్టం ప్రకారం అండర్‌గ్రౌండ్ వాళ్లకి ఏడాదికి 190 హాజర్లు, ఉపరితలం వాళ్లకి 240 ఉంటేనే జీతంతో కూడిన సెలవుకి అర్హత ఉండేది. మరీ తక్కువైతే ఛార్జిషీటు, ఆ తర్వాత డిస్మిస్. కోల్‌బెల్ట్‌లో "డిస్మిస్ కార్మికులు" అని ఒక గుంపే ఉంది. మళ్లీ తీసుకోమని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు.

సమ్మె అలా కాదు. 2011 సెప్టెంబర్ 13న తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచింది. సింగరేణి కార్మికులు అందులోకి దిగాక బొగ్గు ఆగింది, కరెంటు కోతలు వచ్చాయి, హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా అందరికీ సెగ తగిలింది. నాగాలో ఒక్కడు పని మానేస్తే వాడి జీతమే పోతుంది. అందరూ కలిసి మానేస్తే లెక్క మారుతుంది.

ఇది అర్థమయ్యాక నాకు క్వైట్ క్విట్టింగ్ కొత్తగా అనిపించలేదు. అది ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే నాగా. ఒక్కడి ఊపిరి కాస్త ఆడుతుంది, రూల్ మాత్రం మారదు.

పని వద్దు, ఉద్యోగం కావాలి

ఇక్కడే అసలు చిక్కు. బాయి పని అంటే భయం, దుమ్ము, ఉక్కపోత. అలాంటి పనిని తప్పించుకోవడానికి నాగాలు చేసిన మనుషులే, ఆ ఉద్యోగం కొడుకుకి రావాలని పోరాడారు. దాన్నే డిపెండెంట్ ఉద్యోగం, వారసత్వ ఉద్యోగం అంటారు. తండ్రి అనారోగ్యంతో దిగిపోతే కొడుక్కి పని.

అది మధ్యలో ఆగిపోయింది. 2000 ప్రాంతంలో గోల్డెన్ హ్యాండ్‌షేక్ పేరుతో డబ్బులిచ్చి వేల మందిని ఇంటికి పంపారు. తెలంగాణ వచ్చాక 2016లో వారసత్వ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామని ప్రకటించారు. 2017లో హైకోర్టు కొట్టేసింది, ఎందుకంటే రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగంలో అందరికీ సమాన అవకాశం ఉండాలి. ఆ ఏడాది జూన్‌లో ఇదే డిమాండ్ మీద సమ్మె కూడా జరిగింది. తర్వాత మెడికల్ అన్‌ఫిట్ అయినవారి పిల్లలకి కారుణ్య నియామకాల రూపంలో దారి తెరిచారు.

అంత కష్టమైన పని కోసం అంత పోరాటం ఎందుకు? తాతని అడిగితే వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. క్వార్టర్, దవాఖాన, పీఎఫ్, పెన్షన్, లాభాల్లో వాటా, పెళ్లి సంబంధం. ఆఖరిది జోక్ కాదు. "పర్మినెంటా?" అనే ప్రశ్న మా వైపు పెళ్లి చూపుల్లో ఇప్పటికీ అడుగుతారు. ఆ ఆరు వేళ్ల కోసం ఆయన చీకట్లోకి దిగాడు. బొగ్గు మీద ప్రేమతో కాదు.

అంటే అది ఒక బేరం. నా ఎనిమిది గంటలు, నా ఊపిరితిత్తులు నీకు. బదులుగా నా ఇంటిల్లిపాదికీ భద్రత. బేరం కఠినమైనదే, కానీ రెండు వైపులా ఏదో ఉంది.

యంత్రం వచ్చాక మిగిలిన టైమ్ ఎవరిది?

1990ల మొదట్లో సింగరేణిలో దాదాపు లక్షా 16 వేల మంది ఉద్యోగులు ఉండేవారు. బొగ్గు ఏడాదికి 2 కోట్ల టన్నుల అటూఇటూ. 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు, ఉద్యోగులు సుమారు 40 వేలు. లెక్క వేస్తే అప్పుడు మనిషికి దాదాపు 170 టన్నులు, ఇప్పుడు 1,750. పది రెట్లు!

ఇందులో ఒక మెలిక ఉంది. బొగ్గు ఇప్పుడు ఎక్కువగా ఓపెన్‌కాస్ట్‌ల నుంచి వస్తోంది. పైన ఉన్న మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతిలో ఉంది, ఆ కార్మికులు ఈ 40 వేలలో లేరు. అది తీసేసి చూసినా యంత్రాల పాత్ర పెద్దదే. తాత కాలంలో తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపేవాళ్లు. తర్వాత ఎస్‌డీఎల్ మెషిన్లు వచ్చాయి. 2014లో మా పక్కనే అడ్రియాలలో లాంగ్‌వాల్ మొదలైంది.

సరే, పని పది రెట్లు సులువైతే షిఫ్ట్ ఎంతకి తగ్గాలి? షిఫ్ట్ ఇప్పటికీ ఎనిమిది గంటలే. తగ్గింది మనుషులు.

రస్సెల్ దీన్ని గుండుసూదుల ఉదాహరణతో చెప్పాడు. కొంతమంది రోజుకి ఎనిమిది గంటలు పని చేసి లోకానికి కావాల్సిన గుండుసూదులన్నీ తయారు చేస్తున్నారు. ఒక కొత్త యంత్రం వచ్చి ఉత్పత్తి రెట్టింపైంది. బుద్ధి ఉన్న లోకంలో అయితే అందరూ నాలుగు గంటలు పని చేసి ఇంటికి వెళ్తారు. మన లోకంలో సగం మందిని తీసేసి, మిగతా సగం మందితో ఎనిమిది గంటలే చేయిస్తారు. సగం మందికి అలసట, సగం మందికి ఆకలి. ఆయన సింగరేణిని చూడలేదు. కానీ ఇది నాకు గోదావరిఖని కథలాగే అనిపించింది.

సీఎస్‌ఈ వాళ్లం, ఇప్పుడు మన వంతు. కోడ్ రాసే ఏఐ వచ్చింది. వారం పట్టే అసైన్‌మెంట్ ఒక సాయంత్రంలో అయిపోతోంది. మరి మనకి పని గంటలు తగ్గుతాయా? 2023 అక్టోబర్‌లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్నారు, ఆదివారాలు కూడా చేయించలేకపోతున్నందుకు బాధపడ్డారు. అదే ఏడాది జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. గుండుసూదుల కథ మళ్లీ వచ్చింది.

ఆదివారం అంటే గుర్తొచ్చింది. సింగరేణిలో ఆదివారం డ్యూటీకి, అంటే ప్లేడేకి, రెట్టింపు జీతం. ఆ డ్యూటీ కోసం పోటీ కూడా పడతారు. అంటే ఆదివారానికి ఒక రేటు ఉందని బాయి కార్మికుడికి తెలుసు. ఫ్రీగా ఎవ్వరికీ ఇవ్వడు. ఆ రేటు ఆకాశం నుంచి ఊడిపడలేదు, సంఘాలు కొట్లాడి సాధించుకున్నవి. ఎనిమిది గంటల షిఫ్ట్ కూడా అంతే. 1886 మే నెలలో చికాగో కార్మికులు ఎనిమిది గంటల కోసం రోడ్డెక్కారు. సరిగ్గా ఆ సంవత్సరమే హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇల్లందు వైపు బొగ్గు తవ్వే హక్కులు దొరికాయి.

యాంటీవర్క్‌కి జవాబు లేని చోటు

నేను ఈ ఉద్యమానికి ఫ్యాన్ అయిపోయానని అనుకోకండి. నాకు ఒక పెద్ద డౌట్ ఉంది. మా ఇంటి మేడ ఎక్కితే ఎన్టీపీసీ చిమ్నీలు కనిపిస్తాయి. పాత ప్లాంట్ కెపాసిటీ 2,600 మెగావాట్లు. ఆ కరెంటుతోనే ఫోన్ ఛార్జ్ చేసుకుని "పని చేయడం మానేద్దాం" అనే వ్యాసాలు చదివాను. ఆ రాత్రి కూడా ఎవరో నైట్ షిఫ్ట్‌లో ఉన్నారు. ఎవరో బాయిలో ఉన్నారు. నేను మానేసిన పని ఇంకొకరి మీద, అదీ నాకంటే తక్కువ జీతానికి కాంట్రాక్ట్‌లో చేసేవాడి మీద పడితే, అది స్వేచ్ఛ ఎలా అవుతుంది?

కాబట్టి "పని చేయాలా వద్దా" అనేది సరైన ప్రశ్న కాదేమో. తప్పనిసరి పనిని ఎవరు, ఎన్ని గంటలు, ఏ బదులుకి చేస్తున్నారు అన్నదే ప్రశ్న.

ప్లేస్‌మెంట్స్‌లో మనం ప్యాకేజీ ఒక్కటే అడుగుతాం. నా వరకు నేను ఇంకో నాలుగు అడగాలని రాసి పెట్టుకున్నాను. వారానికి నిజంగా ఎన్ని గంటలు? బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు? నోటీస్ పీరియడ్ ఎంత? తీసేయాల్సి వస్తే ఏమిస్తారు? ఇవి అడిగితే సెలెక్ట్ చేయరేమో అని నాకూ భయమే. ఫ్రెషర్‌కి బేరం ఆడే బలం లేదు. అందుకే ఒక్కడిగా కాకుండా క్లాస్ అంతా కలిసి, ప్లేస్‌మెంట్ సెల్ ద్వారా ప్రతి కంపెనీని ఈ నాలుగూ అడిగిస్తే బాగుంటుందని నా ఆలోచన. ఒకరు అడిగితే నాగా, అరవై మంది అడిగితే వేరే లెక్క.

వచ్చేముందు తాతని ఆఖరుగా అడిగాను, "మళ్లీ పుడితే బాయికి పోతవా?" అని. "నేను పోయింది మీ నాయిన పోవద్దని" అన్నాడు. నానమ్మ లోపల్నుంచి, "గట్లనే అంటడు, రిటైరైన తెల్లారి కూడ టిఫిన్ పట్టుకుని గేటు కాడికి పోయిండు" అంది.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీరూ మీ వాళ్లని అడగండి. అమ్మని, నాన్నని, తాతని, నానమ్మని. ఎప్పుడు నాగా చేశారు, ఎందుకు చేశారు, చేయాలనిపించినా ఎందుకు చేయలేకపోయారు? వాళ్లు చెప్పింది రాసి క్లబ్‌కి పంపండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి వేద్దాం.