నల్లా ఉన్న ఇంటికి ట్యాంకరెందుకు?

ఎలక్ట్రిక్ కారు కొందామని మొదలుపెట్టిన వాళ్ళలో చాలామంది ఒకే దగ్గర ఆగిపోతారు: "ఛార్జింగ్ స్టేషన్లు ఏవీ?" సందేహం సబబే. 2024 చివరికి ప్రభుత్వ లెక్కల్లో ఉన్న పబ్లిక్ స్టేషన్లు దేశం మొత్తానికి పాతిక వేల పైచిలుకే. కానీ ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి: రాత్రి మీ కారు ఎక్కడ నిలుస్తుంది?

40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారును తీసుకుందాం. యూనిట్ అంటే మీ కరెంటు బిల్లులో ఉండే యూనిటే. కంపెనీ వాళ్ళు దాన్నే కిలోవాట్-అవర్ అంటారు. నగరంలో యూనిట్‌కు 7 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. ఆఫీసుకు పోను, రాను 30 కిలోమీటర్లయితే రోజుకు నాలుగు యూనిట్ల పైన ఖర్చవుతాయి. ఛార్జింగ్‌లో కొంత వేడిగా పోతుంది కాబట్టి మీటరు లెక్క 5 అనుకోండి.

ఆ 5 యూనిట్లు ఎక్కడానికి ఎంతసేపు? గీజరు పెట్టుకునే 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. అంటే రెండు గంటలు కూడా పట్టదు. రాత్రి పదింటికి పెట్టి ఉదయం ఆరింటికి తీస్తే 150 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. సన్నగా వచ్చే నల్లా కూడా రాత్రంతా విప్పి ఉంచితే సంపు నింపుతుంది కదా, ఇదీ అంతే.

ఇంటి వైరింగ్ తట్టుకుంటుందా? గీజరు, ఏసీ కలిపి గంటల తరబడి నడిపినంత భారం ఇది. పాత ప్లగ్గుకు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి. మీటరు దగ్గర్నుంచి విడిగా రాగి వైరు లాగించి, దానికి సొంత ఎంసీబీ, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ పెట్టించండి. మంజూరైన లోడు చాలకపోతే కరెంటాఫీసులో పెంచమని అడగాలి.

బిల్లు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. తెలంగాణలో ఇంటి వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. కొన్నేళ్ళుగా ఉన్న శ్లాబుల ప్రకారం 180 యూనిట్లు వాడే ఇంటికి విద్యుత్ ఛార్జీ 724 రూపాయలు. కారు కోసం నెలకు 150 యూనిట్లు కలిపితే 330 యూనిట్లకు 2,060 రూపాయలు అవుతుంది. అంటే కారు వాటా 1,336. యూనిట్‌కు దాదాపు 9 రూపాయలు పడినట్టు.

దీనికీ దారి ఉంది. వాహనం కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కును 2024లో కేంద్రం నిబంధనల్లో చేర్చింది. తెలంగాణలో వాహన ఛార్జింగ్ రేటు యూనిట్‌కు 6 రూపాయలు. ఆ లెక్కన 150 యూనిట్లకు 900. స్థిర రుసుము, మీటరు, వైరింగ్ ఖర్చులు వేరు కాబట్టి అవి కూడా వేసుకుని చూడండి. ఏ దారి ఎంచుకున్నా, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు రోజుకు 30 చొప్పున నెలకయ్యే 900 కిలోమీటర్లకు 60 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల చొప్పున అది 6,400 పైమాటే.

ఇక ఊరి ప్రయాణం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. హైవే వేగంలో యూనిట్‌కు 6 కిలోమీటర్లే అనుకుంటే పూర్తి ఛార్జి 240 దగ్గర అయిపోతుంది. కాబట్టి ఒకసారి ఆగాలి. 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యాపేట చేరేసరికి 17 యూనిట్లు మిగులుతాయి. అక్కడ మరో 14 ఎక్కించుకుంటే, బెజవాడలో దిగేటప్పుడు ఏడెనిమిది యూనిట్లు చేతిలో ఉంటాయి.

ఇంట్లో నాలుగైదు గంటలు పట్టే 14 యూనిట్లు దారిలో అరగంటలో ఎలా ఎక్కుతాయి? గోడలో వచ్చేది ఏసీ కరెంటు, బ్యాటరీ తీసుకునేది డీసీ. ఇంట్లో ఆ మార్పు కారులోని చిన్న పెట్టె నెమ్మదిగా చేస్తుంది. ఫాస్ట్ ఛార్జర్‌లో పెద్ద యంత్రం బయటే మార్చి నేరుగా బ్యాటరీకి పంపుతుంది. 80 శాతం దాటాక బ్యాటరీని కాపాడేందుకు వేగం తగ్గుతుంది కాబట్టి దారిలో నిండేదాకా కూర్చోవడం దండగ. ధర సాధారణంగా యూనిట్‌కు 20 రూపాయల చుట్టూ ఉంటుంది. ఇది ట్యాంకరు నీళ్ళ బేరం: అవసరానికి సరే, రోజూ అయితే బరువు.

తీరా వెళ్ళాక ఛార్జర్ పనిచేయకపోతే? అందుకే బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా లాగకూడదు. ఆ 17 యూనిట్లతో వంద కిలోమీటర్లు పోవచ్చు, కోదాడ అందులో సగం దూరం కూడా ఉండదు. బయల్దేరే ముందే యాప్‌లో రెండో చోటు కూడా చూసి పెట్టుకోండి.

అపార్ట్‌మెంటు వాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది: చాలాచోట్ల మీటర్లు సెల్లార్‌లోనే ఉంటాయి, పార్కింగూ అక్కడే. అసోసియేషన్‌ను ఒప్పించి వైరు లాగించుకోవడం కారు బుక్ చేయకముందే తేల్చుకోండి. కారు రోడ్డు మీదే నిలిపేవాళ్ళు, ప్లగ్గుకు ఓనరు ఒప్పుకోని అద్దె ఇళ్ళవాళ్ళు మాత్రం ఇంకొంత కాలం ఆగడం మేలు. నల్లా లేని ఇంట్లో ఎంత పెద్ద సంపు కట్టినా, ట్యాంకరు కోసం ఎదురుచూపులు తప్పవు.