ఎఱ్ఱ మేపిల్

ఉత్తర అమెరికా ఖండపు తూర్పుభాగమున శీతకాలము మిక్కిలి కఠినమైనది. నేలపై మంచు పేరుకొని, చెట్లు చాలవఱకు మోడులై నిలిచియుండును. ఆ మంచు పూర్తిగా కరగకమునుపే, ఆకైనను తొడుగకుండ, కొమ్మకొమ్మకు చిన్న చిన్న ఎఱ్ఱని పూలగుత్తులు వేయు వృక్షమొకటి కలదు. అదియే ఎఱ్ఱ మేపిల్. దాని పూవు ఎఱుపు, ఆకుకాడ ఎఱుపు, శరదృతువున రాలబోవు ఆకును ఎఱుపే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు అక్టోబరు మాసమున తమ వీథులలో చూచి ముచ్చటపడు చెట్లలో ఈ జాతివి అనేకము గలవు.

వీథిలోని అందము వేఱు, పొలములోని ప్రయోజనము వేఱు. ఈ చెట్టును పొలమున ఉంచుకొనవచ్చునా, కూడదా అను ప్రశ్న అచటి రైతులకు తఱచుగా ఎదురగుచుండును.

కెనడాలోని న్యూఫౌండ్లాండు ద్వీపము మొదలుకొని దక్షిణమున ఫ్లారిడా వఱకు ఎఱ్ఱ మేపిల్ వ్యాపించియున్నది. ఊటనేల, మెట్టనేల అను భేదము దానికి లేదు. బురదలో మొలచినచో తల్లివేరును పొట్టిగా నుంచి ప్రక్కవేళ్లను దూరముగా పఱచును. మెట్టలో మొలచినచో తల్లివేరును లోతునకు దింపును. రెక్కలు గల దాని విత్తనములు గాలిలో గిఱగిఱ తిరుగుచు రాలి, పెక్కు చెట్ల విత్తనములవలె మఱుసటి సంవత్సరమునకై వేచియుండక, ఆ వేసవిలోనే మొలకెత్తును. నఱకిన మొద్దునుండి పిలకలు గుంపులుగా లేచును.

దానికి గొప్ప శత్రువు అగ్ని. పలుచని బెరడు మంటకు తాళజాలదు. 20వ శతాబ్దమున అడవిమంటలను గట్టిగా అరికట్టుటతో, ఓక్ చెట్లు పెరుగవలసిన తావులను ఇది ఆక్రమించుకొన్నది. అడవులను కాచువారిలో కొందఱు దీనిని కలుపు మొక్కవలె చూచుటకు కారణమిదియే. ఆ కోపమున న్యాయము లేకపోలేదు. కాని కోపముతో నఱకినను ఇది మరల చిగిర్చును గదా! కావున దీనిని పనికి పెట్టుకొనుటయే మేలని పలువురు రైతులు తలచుచున్నారు.

వారు అనుసరించు పద్ధతికి పునరుజ్జీవన వ్యవసాయమని పేరు. పెన్సిల్వేనియాకు చెందిన రాబర్ట్ రోడేల్ 1980 తరువాతి సంవత్సరములలో ఈ భావమును ప్రచారము చేసెను. ఎడతెగని దుక్కివలనను, రసాయనములవలనను జీవము కోల్పోయిన నేలకు మరల జీవము కలిగించుట దీని లక్ష్యము. పైరునకు చెట్టు పగ గాదు, తోడు అనునది అందొక ముఖ్యమైన భావము.

ఎఱ్ఱ మేపిల్ చేయు మేలు వాగుగట్టున స్పష్టముగా కనబడును. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతము పాడికి, పంటకు ప్రసిద్ధి చెందినది. అచటి పేడయు, ఎరువులును వానలకు కొట్టుకొనిపోయి, సస్క్వెహన్నా నది ద్వారా చెసపీక్ అఖాతమును చేరును. పొలమున బలమైన నత్రజని, భాస్వరములు అచట నాచునకు బలమగును. ఆ నాచు చచ్చి క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోయి, పీతలకును, ఆలుచిప్పలకును ఊపిరి కఱవగును. దీనిని నివారించుటకై వాగులకు ఇరుప్రక్కల కనీసము 35 అడుగుల వెడల్పున చెట్లను పెంచుచున్నారు. వరదనీరు నిలిచినను చావని ఎఱ్ఱ మేపిల్ ఆ వరుసలలో తఱచుగా చేరును. వేళ్లు గట్టును కోసుకొనిపోకుండ పట్టియుంచును. నీటిలోని నత్రజనిని కొంత పీల్చుకొనును. మిగిలినదానిలో కొంత భాగమును తడినేలలోని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి గాలిలో కలుపును. జింకలు లేత మొక్కలను మిగుల్చవు. కావున ప్రతి మొక్కకు ఒక గొట్టము తొడుగవలసియుండును.

రాలిన ఆకు ఓక్ ఆకుకన్న త్వరగా చివికి మట్టిలో కలయును. మేపిల్ వేళ్లతో స్నేహము చేయు శిలీంధ్రములు మొక్కజొన్న వేళ్లతో స్నేహము చేయు వర్గమునకే చెందినవి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున, లావల్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 7 సెంటీమీటర్లకు మించని లావు గల కొమ్మలను తునకలు చేసి నేలపై పఱచు పద్ధతిని వృద్ధిచేసిరి. లేతకొమ్మలలో పోషకములు అధికము. నఱకిన కొలది పిలకలు వేయు చెట్టు ఇట్టి పనికి అనుకూలమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇతర పూవులు లేని కాలమున పుప్పొడి నిచ్చుటచే తేనెటీగలకును ఇది ఆదరువు.

దీని మ్రానునుండి తీపిరసమును తీయవచ్చును. రాత్రి గడ్డకట్టు చలి, పగలు కరగు వెచ్చదనము గల దినములలో మ్రానునకు చిన్న రంధ్రము చేసినచో రసము కాఱును. అమెరికా ఆదివాసులు ఈ విద్యను ఐరోపావారి రాకకు పూర్వమే ఎఱిగియుండిరి. రసమున నూటికి 2 పాళ్లు చక్కెర యున్నచో ఒక లీటరు పానకమునకు సుమారు 43 లీటర్ల రసమును కాచవలెను, 1.5 పాళ్లే యున్నచో 57 లీటర్లు కావలెను. చక్కెర మేపిల్ అను జాతితో పోల్చినచో ఎఱ్ఱ మేపిల్ రసమున తీపి తక్కువ. మొగ్గలు త్వరగా విచ్చుటచే రుచియు ముందే చెడును. అందుచే దీనికి రెండవ స్థానమే లభించినది.

ఇంతటి ఉపకారి గుఱ్ఱములకు మాత్రము యమస్వరూపము. అమెరికా పశువైద్యులు ఈ సంగతిని 1981లో ప్రకటించిరి. చెట్టుమీది పచ్చియాకు వలన ఇంతటి అపాయము కనబడలేదు. కొమ్మ విఱిగి నేలబడి వాడిన ఆకే విషము. ఎండిన పిదపను కొన్ని వారములు ఆ గుణము పోదు. గుఱ్ఱపు ప్రేవులలోని సూక్ష్మజీవులు ఆకులోని గాలిక్ ఆమ్లమును పైరోగాలాల్ అను పదార్థముగా మార్చును. రక్తమున ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్‌ను అది చెడగొట్టును, ఎఱ్ఱకణములు పగిలిపోవును. చిగుళ్లు గోధుమవన్నెకు తిరుగును, మూత్రము నల్లబడును. 450 కిలోల గుఱ్ఱము సుమారు 700 గ్రాముల వాడిన ఆకు తిన్నను జబ్బుపడవచ్చును. దానికి రెట్టింపు తిన్నచో ప్రాణమునకే ముప్పు.

కావున గుఱ్ఱములు గల రైతులు ఈ చెట్టును వాగుగట్టున, కంచెకు ఆవలనే పెంచుదురు. నఱకిన కొమ్మలను బీడున వదలరు. పెనుగాలి వీచిన రాత్రి తెల్లవాఱగనే వారు మొదట చూచునది పంటను గాదు, గుఱ్ఱములు మేయు చోట ఎఱ్ఱ మేపిల్ కొమ్మ యేదైన పడినదా యని.